కాలేషా లెక్క

రొయ్యపిల్లల సంచులు మోసిన కాలు నాది.
రామాయపట్నం హేచరీలో రాత్రి పదకొండుకి ఎక్కించుకుంటే
తెల్లారేలోపల ఇందుకూరుపేట గుంటల కాడ దించాల.
ఒక్కో సంచిలో కాసిని నీళ్లు, పైన ఆక్సిజన్,
వెంట్రుక ముక్కల్లాంటి ప్రాణాలు వేలకు వేలు.
బ్రేకు గట్టిగా తొక్కితే
సంచి గోడకు కొట్టుకుని, తెల్లబడి అడుక్కి దిగేవి.
నాకెవురూ డ్రైవింగు నేర్పలా.
ఆ తెలుపే నేర్పింది.

ఇప్పుడు సార్ దగ్గర కారు. సగం పెట్రోలు, సగం కరెంటు.
కావలి ఇంటి నుంచి నెల్లూరు ఆఫీసుకి, మళ్లీ ఎనక్కి.
పాత బండిలో బ్రేకంటే
కొన్న పెట్రోలు కొన్నట్టే రోడ్డు మీద పారబోయడం.
చక్రం కాడ కాస్త వేడి. పోయింది పోయినట్టే.
ఈ బండి అట్టా కాదు.
ముందర జనం కనపడంగానే కాలు తీసేస్తే
పోయే వేగాన్ని బ్యాటరీలోకి లాక్కుంటుంది,
పెళ్లింట్లో మిగిలిన అన్నాన్ని గిన్నెకెత్తే ముసలమ్మ మాదిరి.
దానికీ టైమియ్యాల. దబాల్న తొక్కితే
ఆమె గిన్నె తెచ్చేలోపల అంతా కుక్కలపాలే.

ట్రంకు రోడ్డులో ఆటోల ఎనక పాకేటప్పుడు
ఇంజను నిద్రపోతుంది. సార్ ఊపిరి ఇనపడతా ఉంటది.
హైవే మీద నూట ఇరవై కొడితే మాత్రం
ఇదీ ఒకటే, నా పాత డబ్బా ఒకటే.
గాలికి బండి ఖరీదు తెలవదు.

నెలాఖరుకి లీటరుకి ఇరవై నాలుగొచ్చింది.
ఏం మంత్రమయ్యా మాల్యాద్రీ, అన్నాడు గుమాస్తా హజరత్తయ్య.
మంత్రమేం లేదు. టైర్లలో గాలి పదిరోజులకోసారి చూస్తా.
ముందు బండికీ నాకూ మధ్య
బస్సు పట్టేంత జాగా వదుల్తా.
అందులో ఆటోవాడు దూరితే దూరనీ.
ఆయన ఇన్లా. పాత బిల్లులూ కొత్త బిల్లులూ పక్కపక్కన పెట్టి
కళ్లజోడు పైకి నెట్టి,
"చూశారా సార్, నేను చెప్పలా?
కాలేషా పెట్రోలు అమ్ముకున్నాడు."

కాలేషా నాకు ముందు ఆ సీట్లో కూర్చున్నవాడు.
అతని చేతిలో పదిహేనొచ్చేదంట.
దొంగని పేరుపెట్టి పంపించేశారు.
ఇప్పుడు చీమకుర్తిలో రాళ్ల లారీ తోలతా ఉన్నాడు.
నేనొచ్చిన్నాడు సీటు ఇంకా
అతని కాళ్ల పొడుగుకే జరిపి ఉంది.
నా పొదుపు అతని మీద సాక్ష్యమైంది.
ఆ రాత్రి అన్నం సయించలా.

సార్ సంగతి నాకు తెలుసు.
నడుముకి పట్టీ వేసినాకే మెత్తబడినాడు గానీ
పాత మాట నోట్లోనే ఉంది.
లారీ అడ్డమొస్తే "దా..." అని మొదలుపెట్టి
నడుం పట్టుకుని "...టు" మింగేస్తాడు.

సోమవారం, కావలి బైపాసు దాటినాక అడిగినా:
"సార్, ఇయ్యాల ఒక్కరోజు
కాలేషాతో అన్నట్టే నాతో అనండి."
ముందు అర్థం కాలా. తర్వాత నవ్వినాడు.
తర్వాత నవ్వలా.
"తొక్కు" అన్నాడు, ఎవురన్నా ఇంటారేమో అన్నట్టు.

తొక్కినా.
కడనూతల కాడ బ్రేకు, రాజుపాలెం కాడ బ్రేకు,
సందు దొరికితే దూరడం, దూరినాక ఆగడం,
మళ్లీ నేల తగిలిందాకా తొక్కడం.
నా లోపల ఏ సంచిలోనో
పిల్లలు తెల్లబడి దిగతా ఉన్నాయి.
కోవూరు కాడ "చాల్లే" అన్నాడు.

స్టీరింగు ఎనక తెర మీద అంకె:
పద్నాలుగు పాయింటు తొమ్మిది.
కాలేషా కంటే ఒక పిసరు తక్కువే.

సార్ ఫోను తీసినాడు. పేర్లు కిందికీ పైకీ జరిపినాడు.
ఆ నంబరు ఉండిందో, ఎప్పుడో తీసేసినాడో
నాకు కనపళ్లా.
నేను రోడ్డు చూస్తా ఉన్నా.
పెన్న బ్రిడ్జి మీద గొర్రెల మంద.
శానా దూరం నుంచే
కాలు తీసేసినా.